కుడివైపు కమాను చప్పుడు

మోటారు ముందు భాగంలో ఏ ఇనుము కొట్టుకున్నా వెనక సీట్లో కూర్చుని నేను చెప్పగలను. గొప్పకు అనడం లేదు, ఉన్న మాటే. ఇప్పటి డ్రైవర్లు ముసలమ్మకు మోటారు గురించి ఏం తెలుసని ముసిముసిగా నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. బండి కిందికి దూరి, చేతులు నల్లగా చేసుకుని బయటికి వచ్చాక ఆ నవ్వులు ఏమవుతాయో చాలాసార్లు చూశాను. ఈ విద్య నాకు బడిలో రాలేదు, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పరదా వెనక కూర్చున్నందువల్ల వచ్చింది.

మా అత్తవారిది పాన్‌గల్ పక్క ఊరు. మామ ఆ ఊరి పటేలు. జొన్నచేలు, ఆముదపు చేలు, వాన పడితేనే ఏదైనా పండే నేలలు. పట్నంలో ఎవరో వాడి వాడి విసిగిపోయిన మోటారు ఒకటి మా మామ చేతికి వచ్చింది. మా ఇంటి ఆడవాళ్ళు ఎక్కితే పక్క అద్దాలకు, వెనక అద్దానికి, ముందు సీటుకూ మాకూ మధ్య కూడా దళసరి ఎర్రగుడ్డ పరదాలు దించేవారు. వనపర్తికి పోయినా, నాగర్‌కర్నూలుకు పోయినా నాకు కనిపించేది ఆ ఎర్రగుడ్డే. వాగు ఇసుక వచ్చిందో, గుట్ట దిగుతున్నామో, ఊరి నడుమ నుంచి పోతున్నామో చెవులతో, అరికాళ్ళతో తెలుసుకోవాలి. కొత్త కోడలిని, మామ ముందు నోరు తెరవకూడదు. నోటికి పని లేకపోతే చెవులకు పని పెరుగుతుంది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు దొరకడమే గగనం. అందుకని మా డ్రైవరు దిగుడు వచ్చిన ప్రతిచోటా ఇంజను ఆపేసి బండిని దాని మానాన దొర్లనిచ్చేవాడు. ఇంజను ఆగగానే మోటారులో ఉన్న మిగతా చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. తలుపు కిరకిర, పైకప్పు గుడ్డ టపటప, మా అత్త ఒళ్ళో ఇత్తడి రోటి గలగల. మా అత్తకు పళ్ళు లేవు. తమలపాకు, వక్క అరచేతంత ఇత్తడి రోట్లో దంచుకుని నోట్లో వేసుకునేది. ప్రయాణంలో కూడా ఆ దంపుడు ఆగేది కాదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఒక కొత్త చప్పుడు మొదలైంది. కటక్. మోటారు ఎడ్లబండ్ల గాడి దాటినప్పుడల్లా ముందు వైపు నుంచి ఒక కటక్. బ్రేకు వేస్తే ఒక కటక్. మామ మొదట పట్టించుకోలేదు. తర్వాత ఆయనకు ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించకుండా పోయింది. ఇంటికి వచ్చిన ప్రతివాడినీ బండి ఎక్కించి తిప్పాడు. తలా ఒక మాట చెప్పారు. ఒకాయన మడ్‌గార్డు వదులైందన్నాడు. ఇంకొకాయన దిష్టి తగిలింది, నిమ్మకాయలు కట్టమన్నాడు. కట్టారు. నిమ్మకాయలు ఊగుతూనే ఉన్నాయి, చప్పుడు వస్తూనే ఉంది.

చివరికి నింద డ్రైవరు మీద పడింది. ఆయన గద్వాల మనిషి, మాట్లాడితే తెలుగులో ఉర్దూ కలిసేది, ఎప్పుడైనా కోపం వస్తే కన్నడం దొర్లేది. గడ్డం తెల్లబడింది. మా ఇంట్లో మోటారు రాకముందు గుర్రపు బండి తోలినవాడు. మేమంతా చాచా అనేవాళ్ళం.

"రాళ్ళు చూసి తోల్తలేవు నువ్వు. వయసు మీదవడ్డది," అన్నాడు మామ.

"తొవ్వ బాగలేదు పటేలా."

"ఆడలేక మద్దెల ఓడన్నడంట నీ అసోంటోడు."

మామకు ఇంకో కోపం కూడా ఉంది. పక్కన కూర్చుని ఏదైనా అడిగితే డ్రైవరు ఒక్కోసారి జవాబే ఇవ్వడు. అది పొగరనుకున్నాడు. నాగర్‌కర్నూలులో మామ మేనకోడలి పెళ్ళి ఉంది. ఆ పెళ్ళికి పోయి వచ్చాక కర్నూలు నుంచి ఒక పడుచు డ్రైవరును రప్పిస్తానని, అంతవరకే చాచాను ఉంచుతానని అత్తతో అన్నాడు. గోడ అవతల నేను విన్నాను.

నాకు ఒళ్ళు మండింది. చాచా ఎలా తోలుతాడో ఆ ఇంట్లో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. కళ్ళు మూసుకుని కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది అది. గతుకు వచ్చే ముందు బండి వేగం తగ్గించి, ఒక చక్రాన్ని దింపి, అది ఎక్కాక రెండోది దింపేవాడు. నిండు చెంబు ఒళ్ళో పెట్టుకున్నా తొణికేది కాదు. అలా తోలేవాడిని రాళ్ళ మీద ఎక్కిస్తున్నాడంటే ఎట్లా ఒప్పుకుంటాను? చప్పుడు ఎక్కడిదో తేల్చాలని ఆ రోజే అనుకున్నాను.

మరుసటి ప్రయాణంలో వనపర్తికి పోయేటప్పుడు నేను మామూలుగా కూర్చునే ఎడమ మూల వదిలి చాచా వెనక, కుడి మూలకు జరిగాను. చెప్పులు విడిచి అరికాళ్ళు నేలచెక్కకు ఆనించాను. దిగుడులో ఇంజను ఆగింది. నున్నటి నేల మీద చప్పుడు లేదు. బండిగాడి అడ్డం రాగానే కటక్, అది నా కుడి పాదానికి కొట్టింది. వంపు తిరిగినప్పుడు లేదు. కాబట్టి స్టీరింగుది కాదు. చక్రం తిరిగే కొద్దీ వచ్చే చప్పుడైతే వేగం పెరిగితే అదీ పెరగాలి, ఇది పెరగడం లేదు. బండి బరువు కిందికీ పైకీ కదిలినప్పుడే వస్తోంది. అంటే చక్రానికి పైన, చట్రానికి కింద, ఆ నడుమ ఉన్నదేదో ఆడుతోంది.

ఆ నడుమ ఉండేవి కమాన్లు. ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన కట్టలు, బండి బరువంతా వాటి మీదే. కమాను రెండు కొసలనూ బోల్టులతో చట్రానికి తగిలిస్తారు. ఒక కొస కదలకుండా ఉంటుంది, ఇంకో కొస ఊగే లంకెకు ఉంటుంది. ఆ లంకెను చాచా జూలా అనేవాడు, ఉయ్యాల అన్నమాట. కమాను సాగినప్పుడు ఆ ఉయ్యాల ఊగుతుంది.

ఆ ప్రయాణంలోనే ఇంకొకటి గమనించాను. అత్త ఎడమ మూల నుంచి "జర ఆపు చాచా" అంటే బండి ఆగలేదు. నేను విసనకర్రతో కుడి వైపు చెక్క మీద కొట్టగానే ఆగింది. మామ కూర్చునేది కూడా చాచాకు ఎడమ పక్కనే. నాకు విషయం అర్థమైంది.

మామ జమాబందీ శిస్తు లెక్కల పని మీద ఊళ్ళో లేని రోజు, అత్తను బతిమాలి మోటారు పెట్టిన కొట్టంలోకి తీసుకుపోయాను. ఇద్దరం బండెక్కి పరదాలు దించుకున్నాం. పరదాలో ఉన్నాం కనుక మర్యాదకు లోటు లేదు. అత్త వక్క దంచుకుంటూ కూర్చుంది, కాసేపటికి కునుకు పట్టింది. నేను పరదా చాటు నుంచే, ముందు సీట్లో ఉన్న చాచా కుడి చెవి వైపుకు జరిగి అడిగాను.

"చాచా, ఎడమ చెవి ఇనవడదా నీకు?"

చాచా సీట్లో నా వైపుకు తిరిగాడు.

"జెరమొచ్చి పోయింది బిడ్డా. చాన రోజులాయె. కుడిది గుడ అంతంతే," అన్నాడు. "చప్పుడు నాకు తెల్వదు. స్టీరింగు పట్టుకుంటె చేతికి తగుల్తది, ఎక్కడిదో మాత్రం తెలుస్తలేదు. పటేలుకు చెప్పకు తల్లీ. చెవిటోన్ని ఎవరు పెట్టుకుంటరు? గీ స్టీరింగు ఇడిస్తె నాకు ఇంకో బతుకు తెల్వదు."

ఏడుస్తూ కూర్చుంటే చప్పుడు దొరకదు కదా. ఇద్దరు జీతగాళ్ళను పిలిపించి ముందు మడ్‌గార్డుల మీద చేతులానించి బండిని ఊపమన్నాను. నిలబడ్డ బండి కూడా కటక్ అంది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. బ్రేకు, చక్రం, ఇంజను, అన్నీ ఆ ఒక్క చప్పుడుతో నింద నుంచి బయటపడ్డాయి. అయినా అనుమానం ఉండకూడదని జాకీ పెట్టి చక్రం లేపించాను. చాచా చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. వెంట్రుకంత కూడా ఆడలేదు.

"కమాను కొసలకు ఆముదం పొయ్యి చాచా. అన్నిటికీ ఒక్కసారి పొయ్యకు. ఒక తాపకు ఒక కొసకే."

"ఎందుకు బిడ్డా?"

"ఇనుము ఇనుమును కొరుకుతుంటె ఆముదం పడంగనే ఊకుంటది. ఏ కొసకు పోస్తె ఊకుంటదో దొంగ గాడ్నే ఉన్నడు."

చాచా గడ్డం నిమురుకుని, "నువ్వు మొగోనివైతే నా నౌకరీ అప్పుడే పోతుండె," అన్నాడు. జీతగాళ్ళు ఊపుతూనే ఉన్నారు. ఎడమ కమాను ముందు కొసకు పోస్తే ఏమీ మారలేదు. వెనక కొసకు పోసినా అంతే. కుడి కమానుకు వచ్చాం. ముందు కొస అమాయకురాలు. వెనక కొసన జూలా బోల్టు మీద ఆముదం పడిందో లేదో, కటక్ కాస్తా గొంతు నొక్కినట్టు మెత్తబడింది. చాచా కిందికి దూరి ఆ బోల్టు మీద బొటనవేలు ఆనించాడు. "దొరికె బిడ్డా. వేలికి కొడుతుంది," అన్నాడు. ఆ మాటకు మా అత్త ఉలిక్కిపడి లేచి, ఎవరు దొరికారని అడిగింది.

ఆ బోల్టు కథ చాచాకు తెలుసు. పోయిన ఎండాకాలం పాతది విరిగితే, యుద్ధం మూలాన పట్నంలో సామాను దొరక్క మా ఊరి కమ్మరితోనే కొత్తది చేయించాడు. కమ్మరి ఆ చుట్టుపక్కల బండి ఇరుసులకు పేరుపడ్డ మనిషి. అతన్ని పిలిపించాం. బోల్టు ఊడదీసి చూస్తే కమాను కన్నంలో అది చుట్టూ సందుతో ఉంది. పని చెడగొట్టావని అత్త అనబోయింది. కమ్మరి నొచ్చుకున్నాడు.

"కావాల్నని ఇడిచిన సందమ్మా అది. బిగిస్తె ఇరుసు ఏడుస్తది. బండన్నంక జర మాట్లాడాలె. మీ మోటరు ఉట్టి మూగదని ఊరంత అంటుండ్రి, గిప్పుడు సూడు ఎంత ముద్దుగ పలుకుతుందో."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. కానీ అతని మాట నాకు వెంటనే అర్థమైంది. మా పుట్టింట్లో ఎడ్లబండ్లు ఉండేవి. చక్రాన్ని ఇరుసుకు తొడిగి కొసన సీల కొట్టేటప్పుడు, చక్రం అటూ ఇటూ జరగడానికి సందు విడుస్తారు. ఆ సందులో చక్రం కొట్టుకుంటూ లటక్ లటక్ అంటుంటే ఎద్దులు ఆ తూగు మీద అడుగేస్తాయి. ప్రతి బండికీ ఒక పలుకు ఉంటుంది. మా నాన్న బండి ఇంకా పొలిమేర దాటకముందే మా అమ్మ ఆ పలుకు విని పొయ్యి మీద ఎసరు పెట్టేది. పలకని బండి మా నేలల్లో అపశకునం. కమ్మరి మోటారుకు తనకు చేతనైన మేలు చేశాడు. ఎడ్లబండికి చేయవలసిన మేలు మోటారుకు చేయడమే వచ్చిన చిక్కు.

"నీ పనిల తప్పు లేదు కాకా," అని పరదా వెనక నుంచే అన్నాను. "గని దీనికి ఎద్దులు లేవు గద. ఎవరి కోసం పలకాలె ఇది?"

కమ్మరి బోల్టును వేళ్ళతో తిప్పి చూశాడు. "ఔ, అదొకటున్నది," అన్నాడు. బిగువుగా చేస్తే ఇనుము ఇనుమును తినేస్తుంది కనుక నడుమ ఇత్తడి గొట్టం వేయాలన్నాడు. గట్టి ఇత్తడి కడ్డీ ఎక్కడ దొరుకుతుంది? చాచా నా వైపు పరదా కేసి చూశాడు. నేను అత్త ఒళ్ళోకి చూశాను. ఆమె చేతిలో ఇత్తడి రోకలి అచ్చం కావలసినంత మందం ఉంది.

"దేవుడా, నా ఆకు దంచే రోకలా?" అంది అత్త. "నా నోట్ల పండ్లు లేవని అందరికీ ఎరుకే గద. దేంతోని దంచుకోవాలె?"

"నేను రాతితోని దంచిస్త అత్తమ్మా, నువ్వు బతికినన్ని దినాలు."

"కోడండ్లు గిట్లనే అంటరు," అని గొణిగింది గానీ ఇచ్చింది. మంచి మనిషి. మాట కటువు, చెయ్యి మెతక. చాచాను తీసేస్తారని తెలిసినప్పటి నుంచి ఆమెకూ లోపల బాధగానే ఉంది, మొగుడితో చెప్పే ధైర్యం లేదు. కమ్మరి ఆ రోకలిని కోసి, బరమాతో తొలిచి, ఆకురాయి పట్టి గొట్టం చేశాడు. దానికి సరిపడా కొట్టిన కొత్త బోల్టు అందులో ఆముదం చుక్క పట్టేంత ఎడంతో మాత్రమే దూరింది. జీతగాళ్ళు మళ్ళీ ఊపారు. బండి మూగగా లేచి మూగగా దిగింది.

పెళ్ళికి బయలుదేరిన రోజు మామ ముందు సీట్లో తల ఒక పక్కకు వాల్చి చప్పుడు కోసం వింటూ కూర్చున్నాడు. పొరపాటున కూడా రాలేదు. నాగర్‌కర్నూలు ఇంకొంత దూరం ఉందనగా పెద్ద దిగుడు వచ్చింది. ఇంజను ఆగింది. గాలి తప్ప ఏమీ లేదు.

"చప్పుడేది?" అన్నాడు మామ.

చాచా పలకలేదు.

"నిన్నే. చప్పుడేమాయె అంటున్న."

చాచా దారి చూసి తోలుతున్నాడు.

"ఏంది, చెవుడా నీకు?"

అది తిట్టుగా అన్నాడు. అన్నాక తన మాట తనకే తగిలినట్టుంది, ఆగిపోయాడు. పరదా సందులోంచి చూశాను. మామ చాచా చెంప వైపే చూస్తున్నాడు. చేతిని ఆ చెవి దగ్గరికి తీసుకుపోయి చిటికె వేశాడు. చాచా తిరగలేదు. చప్పుడు పోయింది, చాచాను కాపాడానని ఊళ్ళో ఉన్నప్పుడే అనుకున్నాను. ఇప్పుడు ఆ నిశ్శబ్దమే అతన్ని పట్టిచ్చింది. బండి ఇంకా కటకటలాడుతూ ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వద్దని అర్థం. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ రోజు వరకు మామతో నేను ఒక్క మాట మాట్లాడి ఎరగను.

"మామా," అన్నాను. "ఆయనకు ఎడమ చెవి ఇనవడది. చప్పుడు పట్టింది నా చెవి, దొరికిచ్చుకున్నది ఆయన చెయ్యి. రెండు గీ బండిల్నే ఉన్నయి. కర్నూలు పిల్లగాన్ని తెస్తె ఒక్కటి పోతది."

ఎర్రగుడ్డ అవతలి నుంచి మామ అత్తను పిలిచి, "ఎన్నడు సంది తెలుసో అడుగు ఆమెను," అన్నాడు.

"నన్నెందుకు అడగమంటవ్? ఇనుకుంటనే ఉంది గద," అంది అత్త.

దిగుడు అయిపోయింది. ఇంజను మొదలైంది. పెళ్ళివారి ఇల్లు చేరాం. నేను చేయవలసిన పనే చేశానని నాకు నమ్మకం ఉంది గానీ, మామ ఏం చేస్తాడో తెలియదు. ఆడవాళ్ళు దిగడానికి అడ్డంగా దుప్పటి పట్టారు. దుప్పటి చాటు నుంచి చూస్తే, మామ తన తలుపు తీసుకుని దిగి, బండి ముందు నుంచి చుట్టూ తిరిగి, చాచాకు కుడి పక్కన వచ్చి నిలబడ్డాడు.

"పొద్దుగూకంగ మల్ల పోదాం. తిని, జర నడుము వాల్చుకో," అన్నాడు.

అంతే. కర్నూలు మాట మళ్ళీ మా ఇంట్లో వినిపించలేదు. ఆ తర్వాత మామ ఎక్కడికి బయలుదేరినా "కోడల్ని గుడ రమ్మనుండ్రి" అనేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. ఆ పుణ్యాన గుడ్డ చాటు నుంచైనా చాలా ఊళ్ళు తిరిగాను.

మరుసటి ఏడు కాన్పుకు పుట్టింటికి పోయాను, ఖిల్లా ఘణపూర్ కోట గుట్ట కింది ఊరు. బిడ్డకు మూడో నెల వచ్చాక అత్తవారు తీసుకుపోవడానికి మోటారు పంపుతామని కబురు పెట్టారు. ఆ రోజు పొద్దుటి నుంచి పిల్లను ఒళ్ళో వేసుకుని పంచలో కూర్చుని, చెవులు రిక్కించి ఉన్నాను. మా అమ్మ నవ్వింది, నేను తనలాగే అయిపోయానని. ఎడ్లబండ్లు పోయాయి, వచ్చాయి. ప్రతి దాని పలుకూ విన్నాను. మోటారు జాడ లేదు. విసుగొచ్చి పిల్లకు పాలిస్తూ కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి చాచా ఎదురుగా నిలబడి ఉన్నాడు. అతని వెనక వాకిట్లో మోటారు. గుట్ట మలుపు నుంచి ఇంజను ఆపేసి దొర్లించుకుంటూ వచ్చాడు. కమాను కిక్కురుమనలేదు.

"ఎప్పుడొస్తివి చాచా? నాకు ఇనవడనే లేదు," అన్నాను.

అతను వంగి పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి, నవ్వాడు.

"నాకు దినాం గంతే బిడ్డా," అన్నాడు.